మేకల మీద పడ్డ సీతాఫలం కేసు

మా ఇంటి వెనక జాగాలో ఏ కొమ్మ ఎంత కిందికి వాలాలో నిర్ణయించేది మేకలు. శాలిబండలో మేం అద్దెకుంటున్న ఇల్లు నవాబుల కాలపు దేవిడీలో, అంటే పెద్ద భవంతిలో, కూలకుండా మిగిలిన ఓ మూల. మిగతా దేవిడీ ఎప్పుడో నేలకు దిగిపోయింది. ఆ మొండిగోడల మధ్య వేప, సుబాబుల్, రేగు, ఎవరో విసిరేసిన గింజల్లోంచి లేచిన బొప్పాయి, పేరు తెలియని తీగలు అన్నీ కలిసి ఒక మహారణ్యాన్ని తయారుచేశాయి. అందులో దారి తప్పినవాణ్ణి వెతకాలంటే అన్నం మూట కట్టుకుని బయల్దేరాలని నేను చుట్టాలతో చెబుతుంటాను. రెండు ఆటోలు పక్కపక్కన ఆపితే నిండిపోయే జాగా అని మా ఆవిడ వెంటనే సవరిస్తుంది. ఆవిడది ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. ఉన్నది ఉన్నట్టు రాయడం అలవాటైపోయింది, పాపం.

ఆ మహారణ్యంలో చెట్లన్నిటికీ ఒకే మంగలి క్షవరం చేసినట్టుంటుంది. మేక వెనక కాళ్ల మీద లేచి మెడ సాచితే మూతి ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకా ఒక్క ఆకు ఉండదు. ఆ పైన గొడుగుల్లా పచ్చదనం. మధ్యలో తాపీమేస్త్రీ దారం పట్టినట్టు గీత.

మేకలు మూడు. మూడూ మా ఇంటి యజమానురాలివే. ఆవిణ్ణి గల్లీ అంతా ఖాలా అంటుంది, అంటే పిన్ని. మేమూ అదే పిలుస్తాం. బక్రీద్ దగ్గరపడితే ఇక్కడ ప్రతి గుమ్మానికీ ఒక పోతు కట్టి ఉంటుంది గానీ, ఖాలా మేకలు ఆడవి, పాలకోసం పెంచినవి, ఏ పండగ లెక్కలోకీ రానివి. వాటిలో పెద్దది తల్లిలేని పిల్లగా ఇంటికొస్తే, ఖాలా ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టిందట. తాను ఖాలా కడుపున పుట్టాననే ఆ మేక ఇప్పటికీ నమ్ముతోంది. ఆ సంగతిలో ఖాలాకు కూడా పెద్దగా అనుమానం లేదు.

ఖాలా భర్తను చాచా అంటాం. జీవితమంతా గోడగడియారాలు బాగుచేసిన మనిషి. ఇంట్లో ఇప్పటికీ లెక్కలేనన్ని గడియారాలున్నాయి, ఏ రెండిటికీ మాట కలవదు. ఒక గదిలో పొద్దున టీ తాగుతుంటే పక్కగదిలో సాయంత్రమవుతూ ఉంటుంది. అలాంటి చాచా రెండేళ్ల కిందట ఒక సీతాఫలం తిని, గింజను తీసి మొండిగోడ పక్కన పాతిపెట్టాడు. మొక్క మొలిచింది. ఇనుము, ఇత్తడి తప్ప మరోటి ఎరగని చేతుల్లోంచి ఆకులున్న వస్తువొకటి పుట్టేసరికి ఆయనకు ప్రపంచం కొత్తగా కనిపించింది. రోజూ పొద్దున్నే, గడియారాలు చూసే భూతద్దం కంటికి బిగించుకుని, మొక్క ముందు గొంతుక్కూర్చుని చిగుళ్లు పరీక్షించేవాడు. మొక్క మోకాలెత్తుకు వచ్చినప్పుడు నడుమెత్తు పెరిగిందని చెప్పుకునేవాడు. ఈ విషయంలో నేనాయనకు శిష్యుణ్ణి.

చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో, రాత్రంతా గాలి కొట్టిన ఒక పొద్దున పెరట్లోంచి కేక వినిపించింది. ఆ కేకకు మా వీధి పావురాలు లేచి మూసీ దాటి పోయాయి. మేం మేడ దిగి పరుగెత్తాం. సీతాఫలం మొక్క మీద ఒక్క ఆకు లేదు. భూమిలో గుచ్చిన పుల్లలా నిలబడి ఉంది. పక్కనే మూడు మేకలూ పడుకుని, ఏ పాపమెరగనట్టు నెమరేస్తున్నాయి.

చాచా, ఖాలా పోట్లాడుకునేది దక్కనీలోనే. అయితే సాక్షులుగా మేం కావాలి కాబట్టి మా కోసం మధ్యమధ్య తెలుగులోకి దిగేవారు.

"చూసినవా రైటర్ సాబ్! ఏక్ పత్తా నై ఛోడే!" అన్నాడు చాచా. "ఒక్క ఆకు ఇడ్వలే! నా పోరణ్ణి నంగ చేసి నిలవెట్టినయ్!"

"నా బచ్చీలు ముట్టలే జీ," అంది ఖాలా. "ఖసమ్‌సే చెప్తున్న. పొద్దుగాల నుంచి నా కండ్ల ముందల్నే ఉన్నయ్."

"మేక ముట్టని ఆకు దునియాల ఉంటదా? మొన్న పెండ్లికార్డు తిన్నది. ఓట్ల పోస్టర్ తిన్నది, నిలవడ్డోని ముఖంతోటి సహా. రైటర్ సాబ్ బీబీ జడల పూలు తిన్నది. రైటర్ సాబ్ కాగజ్ తిన్నదా లేదా? చెప్పు భాయ్!"

తిన్న మాట నిజం. పులి మీద నేను రాసిన పేజీన్నర పెద్ద మేక కడుపులో ఉంది. నేను నేల చూపులు చూశాను. ఆ మౌనం కేసును తేల్చేసింది.

"ఇగో, అందరి ముందల చెప్తున్న," అన్నాడు చాచా. "మల్లా ఆకులొస్తయ్. వచ్చినంక ఈ మొక్కకేమన్న అయ్యిందో, మూడింటిని మలక్‌పేటకు పంపిస్త. తమ్మునికి ఒక్క ఫోన్, అంతే."

చాచా తమ్ముడికి మలక్‌పేటలో మటన్ దుకాణం. ఖాలా పెద్ద మేక మెడ మీద చెయ్యి వేసి, అలాగే నిలబడిపోయింది.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. పరదేశాల వాళ్లు తీసిన అడవి సినిమాలకు నేను తెలుగులో మాటలు రాస్తాను. టీవీలో సింహం గర్జిస్తుంది, అది దాని సొంతం. ఆ గర్జనకు ముందూ వెనకా వచ్చే గంభీరమైన తెలుగంతా నాది. నేను లేకపోతే ఆఫ్రికాలో ఏం జరుగుతోందో ఆంధ్రా తెలంగాణాల్లో ఎవరికీ తెలిసేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నా చేతికి ఉత్తరధ్రువం వైపు మంచు దేశాల్లో ఉండే అడవుల సినిమా మొదటి భాగం వచ్చింది. రెండో భాగం తర్వాత పంపుతామన్నారు.

అందులో నాయకుడు మూస్ అనే జంతువు. మన దుప్పికి పెదనాన్న. గుర్రం కన్నా ఎత్తు, తల మీద మంచాలంత కొమ్ములు, ముఖం మాత్రం రెవెన్యూ ఆఫీసులో మధ్యాహ్నం పూట కనిపించే ముఖం. అది గడ్డి మేయదు. ఎండాకాలమంతా ఆకు దూస్తుంది, చలికాలం మంచులో నిలబడి చెట్ల లేతకొమ్మలు విరుచుకు తింటుంది. భూర్జం, విల్లో, ఆస్పెన్ లాంటి ఆకురాల్చే చెట్లంటే దానికి ప్రాణం. పిల్లచెట్టు తలెత్తినప్పుడల్లా తల కొరికేస్తుంది. అందుకని ఆ చెట్లు ఏళ్ల తరబడి మరుగుజ్జులుగానే ఉండిపోతాయి. అక్కడి శాస్త్రజ్ఞులు అడవిలో కొంత చోటు చూసి, మూస్‌లు రాకుండా చుట్టూ కంచె కట్టారు. లోపల ఎవరూ చెయ్యి పెట్టకుండా వదిలేశారు. కొన్నేళ్లకు కంచె లోపల పిల్లచెట్లు మనిషిని దాటి లేచాయి. బయట అదే పాత బోడితనం.

ఆ దృశ్యం చూడగానే నాకు ఒళ్లు జలదరించింది. మెట్లు దిగలేదు, దూకాను.

"కంచె!" అన్నాను పెరట్లో నిలబడి. మూస్ కథ మొత్తం చెప్పాను. మూస్ ఎత్తును మా మేడ ఎత్తు చేశాను. అంతకు తగ్గిస్తే కథ నడవదు.

ఖాలాకు మూస్ మీద జాలి పుట్టింది. "గంత చలిల కట్టెలు నములుతదా? పాపం, దాన్కి ఇంట్ల పెట్టెటోళ్లు లేరా బేటా?"

"లేరు ఖాలా. అది అడవిది."

"అడివిదైతేంది? ఆకలి ఆకలే గదా." కాసేపాగి, గొంతు తగ్గించి అడిగింది. "కంచె కడితే నా బచ్చీల మీద ఇల్జామ్ రాదు గదా?"

"ఆకు కూడా రాలదు, నింద కూడా రాదు. నాది పూచీ."

ఆ మాటకు ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగుకి నేను మరో నాలుగు పూచీలు ఇచ్చి ఉండేవాణ్ణి. మా ఆవిడ ఏదో అనబోయింది. నేను అప్పటికే మూస్ కొమ్ముల కొలతలోకి వెళ్లిపోయాను.

అఫ్జల్‌గంజ్‌లో ఇనుపజాలి చుట్ట కొని, షేర్ ఆటోలో వేసుకొచ్చాం నేనూ చాచా. దారిలో ఒకావిడ బుర్ఖా దానికి చిక్కుకుంది, ఒక పెద్దమనిషి తలపాగా దానికి దొరికింది, డ్రైవర్ తన జాతకాన్ని తిట్టుకున్నాడు. ఇంటికొచ్చేసరికి ఆ జాలి సగం పాతబస్తీతో పరిచయం చేసుకుంది. పాత మంచం పట్టెలు గుంజలుగా పాతి, మొక్క చుట్టూ మంచమంత జాగా వదిలి, జాలి బిగించాం. ఖాలా తన చేత్తో తీగలు మెలితిప్పింది. చాచా దానికో తలుపు పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"లోపల కలుపు పెరిగితే?" అన్నాడాయన.

"ముట్టొద్దు," అన్నాను, ఆ శాస్త్రజ్ఞులు నా మేనమామలన్నంత ధీమాగా. "కంచె లోపల మనిషి చెయ్యి పడకూడదు. చూడటమే మన పని. రూలు."

చాచా గడియారాల మనిషి. రూలంటే ఆయనకు భక్తి. తాళం మళ్లీ తీయలేదు.

ఎండాకాలం ముదిరేసరికి సీతాఫలం చిగిర్చింది. చాచా జాలికి భూతద్దం ఆనించి ఆకులు చూసుకున్నాడు. వానలు పడ్డాయి. అంతే, కంచె లోపల తిరుగుబాటు మొదలైంది. మేకల భయంతో ఇన్నాళ్లూ తల ఎత్తని గింజలన్నీ ఒక్కసారి లేచాయి. సుబాబుల్ మొలకలు పోటీపడి పెరిగాయి. తోటకూర చెట్టంతయింది. తీగలు జాలి పట్టుకుని పైకెక్కి, అక్కడ చాలక ఆకాశాన్ని పట్టుకోవడానికి చేతులు చాచాయి. చుట్టూ బోడినేల, మధ్యలో పచ్చని పెట్టె! ఇంటికి ఎవరొచ్చినా ముందు పెరట్లోకే తీసుకెళ్లేవాణ్ణి. "ఉత్తరదేశపు అడవి, శాలిబండ శాఖ," అని పరిచయం చేసేవాణ్ణి. ఖాలా పక్కన నిలబడి, "మా మేకలు బయటనే ఉంటయ్, లోపలికి పోవు," అని వచ్చినవాళ్లందరికీ, పాలవాడికి కూడా, వివరంగా చెప్పేది.

మేకలు మాత్రం కంచె చుట్టూ తిరిగి, జాలిలోంచి మూతులు దూర్చి, అందిన సుబాబుల్ కొసలు లాక్కునేవి. పెళ్లి భోజనాల దగ్గర గేటు బయట నిలబడ్డ వాళ్ల చూపు చూసేవి.

వానల చివర్లో ఒకరోజు చాచా తనకు మొక్క కనిపించడం లేదన్నాడు. పచ్చదనం చూస్తున్నాడు, కానీ తన మొక్క ఏదీ? రూలు పక్కనపెట్టి తాళం తీశాడు. తీగలు చేత్తో పాయలు తీసి లోపలికి తల పెట్టాడు. చాలాసేపు బయటికి రాలేదు.

మొక్క ఉంది. వెలుతురు కోసం పక్కకు సాగి, దారంలా సన్నబడి, నాలుగు పాలిపోయిన ఆకులతో, ఒక తీగ మెడ చుట్టుకుని ఉండగా నిలబడి ఉంది. నిలబడి అనడం కూడా మర్యాదకే.

ఈసారి కేక లేదు. అందుకే నాకు భయమేసింది.

"జాలిలకెళ్లి మూతి పెడుతున్నయ్," అన్నాడు చాచా మెల్లగా. "నా కండ్లతోటి చూసిన. గట్లనే మేసినయ్."

"సుబాబుల్ తిన్నయ్ జీ, గది కాదు," అంది ఖాలా.

"బస్. ఇంక లొల్లి వద్దు."

లోపలికెళ్లి ఫోన్ చేశాడు. శుక్రవారం నమాజ్ అయ్యాక తమ్ముడు ట్రాలీ ఆటో తీసుకొస్తాడు. ఖాలా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ఉల్లిపాయలకు ఎవరూ అంత ఏడవరు. సాయంత్రం నేను వెళ్లేసరికి పెద్ద మేక ఒళ్లు దువ్వుతూ కూర్చుని ఉంది. నన్ను చూసి, "నువ్వు పూచీ పడితివి గదా బేటా," అని మాత్రం అంది. నన్ను ఎందరో విమర్శించారు. ఆ ఒక్క వాక్యం ముందు అవన్నీ సన్మానపత్రాలు.

సినిమా రెండో భాగం ఆ వారమే వచ్చింది. పని చేసే మనసు లేదు, అయినా తెర ముందు కూర్చున్నాను. మళ్లీ అదే కంచె, అదే పచ్చని గుబురు. అయితే ఈసారి కెమెరా ఆ గుబురు కాళ్ల దగ్గరికి దిగింది. అక్కడ నీడలో స్ప్రూస్ అనే సూదులాకుల చెట్టు పిల్లలున్నాయి. పాలిపోయి, సన్నగా, ఎదుగు లేకుండా. వాటిని మూస్ సామాన్యంగా ముట్టదు, రుచించవు. కంచె బయట మూస్ తనకు రుచించే భూర్జాన్నీ విల్లోనూ కొరికేస్తూ పోతుంటే, స్ప్రూస్‌కు వెలుతురు దొరికి తాటిచెట్టంత అవుతోంది. కంచె లోపల తినేవాడు లేడు కాబట్టి రుచిగల చెట్లన్నీ ఎగబడి, స్ప్రూస్ నెత్తిన కూర్చున్నాయి. ఏ అడవి ఎదగాలో ఏది ఎదగకూడదో మూస్ నోరే తేలుస్తోంది. చివరికి నేల సంగతి కూడా దాని చేతిలోనే ఉందట. ఆకురాల్చే చెట్లు తగ్గి సూదులాకులు పెరిగితే, ఆ సూదులు త్వరగా కుళ్లవు, మట్టి సారం తగ్గుతుంది. ఒక జంతువు భోజనం చేస్తే దాని ఫలితం మట్టిదాకా పోతుంది.

నేను తెర ఆపేసి కిటికీలోంచి పెరటి వైపు చూశాను. మా స్ప్రూస్ అక్కడ తీగల కింద చచ్చిపోతోంది.

"సీతాఫలం ఆకు మేకలు తింటాయా?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"తినవండీ. వాసనకే పక్కకు పోతాయి. మా అమ్మావాళ్ల ఊళ్లో పొలంగట్ల మీద మందలకు మందలు మేకలు తిరిగేవి, సీతాఫలాలు మాత్రం అలాగే ఉండేవి."

"మరి చలి పోయేటప్పుడు ఆకులన్నీ..."

"రాలతాయి. ఆ చెట్టు తీరే అంత."

"ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్పబోయాను. మీరు కొమ్ములు కొలుస్తున్నారు. మధ్యలో దూరడానికి సందేదీ?"

శుక్రవారం నమాజ్ నుంచి చాచా తిరిగొచ్చేసరికి నేను కంచె తలుపు దగ్గర కాపు కాసి ఉన్నాను. మూడు మేకలనూ లోపలికి తోలనివ్వమన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఏంది రైటర్ సాబ్? దొంగకే తాళంచెవి ఇమ్మంటవా?"

"ఎలాగూ ట్రాలీ వస్తోంది కదా చాచా. ఒక్క గంట. మొక్కను ముట్టాయో, ట్రాలీలోకి నేనే ఎక్కిస్తాను."

"ఒద్దు బేటా," అంది ఖాలా. మేకల నిజాయితీ మీద ఆవిడకు నమ్మకముంది గానీ, వాటి ఆకలి మీద అంత నమ్మకం లేదని అప్పుడర్థమైంది. కాసేపు చున్నీ కొస నోట్లో పెట్టుకుని నిలబడింది. తర్వాత తనే పెద్ద మేక చెవి పట్టుకుని, అందులో ఏదో చెప్పి, వదిలింది.

చాచా తాళం తీసి, తనే ముందు లోపలికి దూరి, మొక్క పక్కన కాపలాగా కూర్చున్నాడు, భూతద్దం కంటికి బిగించుకుని మరీ. మేకలు వచ్చాయి. అబ్బ, ఆ తిండి! సుబాబుల్ కొమ్మలు వంచి, కాళ్లతో తొక్కిపట్టి, చివరినుంచి మొదలుదాకా దూశాయి. తీగలను సేమ్యాలు జుర్రినట్టు జుర్రాయి. తోటకూర కనిపించిందా అనేలోపే కనిపించలేదు. నములుతున్న చప్పుడు వీధి చివర పాన్‌డబ్బాదాకా వినిపించిందని నా నమ్మకం. మొక్క మెడకు చుట్టుకున్న తీగను చిన్నది లాగేసింది. మొక్క ఊగింది.

అప్పుడు పెద్ద మేక తల తిప్పి, సీతాఫలం వైపు మూతి చాచింది.

ఇంట్లో గడియారాలు కూడా ఆగాయని నేను ప్రమాణం చేయగలను. మేక ఆ పాలిపోయిన ఆకును వాసన చూసింది. పై పెదవి మడతపడింది. పెద్దగా తుమ్మింది. తర్వాత ముఖం తిప్పుకుని, దగ్గర్లో ఉన్న చాచా కుర్తా అంచును నోట్లో పెట్టుకుంది.

చాచా కుర్తా విడిపించుకోవడం మరిచిపోయి మొక్కనే చూస్తున్నాడు. మేకలు మిగతా పచ్చదనం వైపు నడిచాయి. పోయినకొద్దీ పైన చిక్కు విడిపోయి, ఎండ ముక్కలు ముక్కలుగా కిందికి దిగి, మొక్క మీద పడింది.

"ఇది తినయా?" అన్నాడు చివరికి.

"తినవు చాచా. దాని చుట్టూ ఉన్నవి తింటాయి. కంచె కట్టి మనమే దాని గొంతు పిసికాం. ఆకులు అప్పుడు రాలినవి, ఎవరూ మేయలేదు."

ఖాలా గెలిచినవాళ్లు అనే మాట ఒక్కటి కూడా అనలేదు. వంగి, భర్త కుర్తా అంచును మేక నోట్లోంచి లాగి, తడిని తన చున్నీతో తుడిచింది. "దిన్ భర్ భూకీ థీ," అంది, మేకను వెనకేసుకొస్తూ. పొద్దుట్నుంచీ దానికి ఆకలట.

మా ఆవిడ మాత్రం వేప చెట్టు కింద నేలను చూపించింది. అక్కడ ఒక్క వేప మొలక కూడా వేలెత్తును మించలేదు. లేచినదాన్ని లేచినట్టే మేశాయి. "సీతాఫలానికి మంచివే. వేపపిల్లలకు కాదు," అంది. నా ఉత్సాహానికి పక్కన ఎప్పుడూ ఇలాంటి వాక్యమొకటి ఉండటం నా అదృష్టం. ఆ వేపపిల్లల్లో ఒకదాని చుట్టూ, దాని మట్టుకే, మంచం పట్టెలు నిలబెట్టాలని తీర్మానించుకున్నాం.

బయట ట్రాలీ ఆటో హారన్ మోగింది. చాచా తమ్ముడు చేతికి తాడు చుట్టుకుని లోపలికొచ్చాడు. "సలాం భాభీ. ఏవి భాయిజాన్ మేకలు? జల్దీ కట్టుకుంట."

ఖాలా భర్త వైపు చూసింది. మేమూ చూశాం. చాచా లేచి, మోకాళ్ల మట్టి దులుపుకుని, కంచె లోపల తలలు వంచి మేస్తున్న మూడింటినీ తమ్ముడికి చూపించాడు.

"డ్యూటీల ఉన్నయ్," అన్నాడు. "ఛుట్టీ లేదు."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను మూస్ కథ ఎత్తుకోబోయాను. మా ఆవిడ నా మోచేయి పట్టుకుంది.

"మల్ల నన్నెందుకు పిలిచినవ్?" అన్నాడు తమ్ముడు.

చాచా కంచె దగ్గరికి పోయి, మెలితిప్పిన తీగలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. ఖాలా వెళ్లి ఆయన పక్కన కూర్చుని, తాను మెలితిప్పినవి తనే విప్పింది. పెద్ద మేక నములుతూ వచ్చి వాళ్ల మధ్య నిలబడింది. వాళ్లు దాన్ని అటూ ఇటూ జరుపుతూనే పనిచేసుకున్నారు. వట్టి బండి వెనక్కి పంపడం మర్యాద కాదని, ఇనుపజాలి మొత్తం చుట్టచుట్టి తమ్ముడి ట్రాలీలో వేశారు.